మొదటి క్లాసులో పిల్లల పిడత మీద టీచరు చెయ్యి పడాలా, వద్దా?

మట్టివాసన_విశాఖ | ఆదివారం, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. ఈ మధ్యే మా మేడ మీద గదిలో శని, ఆదివారాలు మట్టి క్లాసులు మొదలుపెట్టాను. రెండు కరెంటు చక్రాలు, ఒక చిన్న కిల్న్ (మట్టి వస్తువులు కాల్చే కరెంటు బట్టీ), పొడుగాటి బల్ల ఒకటి. పొద్దున పిల్లలకి, సాయంత్రం పెద్దవాళ్ళకి. నాలుగు వారాలైంది.

నా మనసులో తిరుగుతున్న విషయం ఒకటుంది. మొదటి వారం ఏడేళ్ళ పాప ఒకతె చేత్తో నొక్కి పిడత చేసింది. ఒకవైపు గోడ మందంగా, ఇంకోవైపు పల్చగా ఉంది, అంచు పక్కకి వాలిపోతోంది. పడిపోతుందేమోనని నేను తీసుకుని, రెండు నిమిషాల్లో సరిచేసి, అంచు గుండ్రంగా దిద్ది ఇచ్చాను. ఆ పాప చేతిలోకి తీసుకోలేదు. "ఇది మీది కదా ఆంటీ" అంది. ఇంకో ముద్ద తీసుకుని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. కోపంగా కూడా అనలేదు, ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. అప్పటి నుంచి ఆ మాట నన్ను వదలడం లేదు.

అలాగని వదిలేస్తే కూలిపోతాయి. కూలితే ఏడుస్తారు. "డబ్బు కట్టాం, పిల్ల ఇంటికి ఏం తెచ్చింది?" అని అమ్మానాన్నలు అడుగుతారు. పెద్దవాళ్ళ సంగతి ఇంకోలా ఉంది. చక్రం మీద పావుగంట కుస్తీ పట్టి, "నావల్ల కాదు లెండి మేడం, మీరే చేసిపెట్టండి" అంటారు. చేసిపెడితే ఫొటో తీసుకుని సంతోషంగా వెళ్తారు, మళ్ళీ రారు.

మీరంతా ఏం చేస్తున్నారు? చెయ్యి వేస్తారా? వేస్తే ఎంతవరకు?

ఇంకో సంగతి. మూడో వారం కిల్న్‌లో రెండు ఏనుగు బొమ్మలు పేలిపోయి, పక్కనున్న నాలుగింటిని కూడా పాడుచేశాయి. మట్టిలో గాలి బుడగలు ఉండిపోవడం వల్లేనా?

సారె_మనవడు | ఆదివారం, రాత్రి 11:15

అక్కా, మాది కుమ్మరి ఇల్లు. ఊరు వరంగల్ పక్కన. నేనిప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నా. మా తాత చెయ్యి ఆగేవరకు సారె (కుమ్మరి చక్రం) తిప్పిండు, నేను ఆయన పక్కన కూర్చుని పెరిగినవాణ్ణి.

మా ఇంట్లో పిల్లలకి మొదట సారె దొరకదు. చెరువు మట్టి తేవాలి, ఎండబెట్టి కొట్టాలి, రాళ్ళు ఏరాలి, నానబెట్టాలి, కాళ్ళతో తొక్కాలి. తొక్కుతున్నప్పుడు పాదానికి చిన్న పలుగురాయి తగిలినా తెలుస్తుంది. ఆ తెలివి కాలికి వచ్చాకే చేతికి పని. సారె దగ్గరికి వచ్చాక కూడా తాత నా కుండ ఎప్పుడూ ముట్టలేదు. వంకర పోతే నాతోనే ముద్ద చేయించి మళ్ళీ సారె మీద పెట్టించేవాడు. నేను ఏడుస్తే "మన్నెక్కడ పోయిందిరా? ఈడనే ఉంది" అనేవాడు.

రెండు గంటల క్లాసులో ఇదంతా కుదరదని నాకు తెలుసు. కానీ నాకు బాధ కలిగించే విషయం ఒకటి చెప్తా. ఒక స్కూలు వాళ్ళ మేళాకి తాతను పిలిచారు. వరసలో నిలబడ్డ పిల్లలు ఒక్కొక్కరుగా వచ్చి, తిరుగుతున్న కుండ మీద వేళ్ళు ఆనిస్తారు, ఫొటో తీస్తారు, పిల్లవాడు లేస్తాడు. కుండ మొత్తం తాతదే. పిల్లవాడేమో "నేను చేశా" అని ఇంటికి తీసుకెళ్తాడు. సాయంత్రానికి తాతకు ఎనభై ముంతలు చేసిన అలసట, పిల్లలకు మట్టి గురించి ఏమీ తెలియలేదు. "కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు" అని మనం ఊరికే అనం. కుండ చెయ్యడానికి ఎంత పడుతుందో తెలియకపోతే, మార్కెట్లో కుండ ధర బేరమాడేటప్పుడు కూడా తెలియదు.

అందుకే నా మాట: చెయ్యి వెయ్యకండి. కూలనివ్వండి.

కిల్న్_కాపరి | సోమవారం, పొద్దున 7:05

పేలుడు గురించి ముందు చెప్తాను. గాలి బుడగ ఒక్కటే ఉంటే పేలదండి. పేల్చేది తడి. మట్టిలో మిగిలిన నీరు వంద డిగ్రీలు దాటగానే ఆవిరై ఒక్కసారిగా బయటికి రావాలని చూస్తుంది. గోడ పల్చగా ఉంటే దారి దొరుకుతుంది. ఏనుగు పొట్ట లాంటి మందపాటి ముద్దలో దారి లేక, ముద్దనే చీల్చుకుని వస్తుంది. మట్టిని బాగా పిసకాల్సిందే, కానీ అది మెత్తదనం అంతా ఒకేలా ఉండడానికి, గోడ బలంగా ఉండడానికి. ఎంత పిసికినా తడి ముక్కను కిల్న్‌లో పెడితే పేలుతుంది.

విశాఖ గాలిలో తేమ ఎక్కువ. పైకి తెల్లబడి ఎండినట్టే కనిపిస్తుంది, లోపల తడి ఉంటుంది. ముక్కను చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా నీరు ఆరిపోతోందన్నమాట, పెట్టకూడదు. గది వేడిలోనే తగిలితే పెట్టొచ్చు. నేనైతే పిల్లల బొమ్మలున్న లోడ్‌ని రాత్రంతా 80, 90 డిగ్రీల దగ్గర, మూత ఒక వేలు మందం తెరిచి ఉంచుతాను. పొద్దున ఆ సందు దగ్గర అద్దం ముక్క పెడితే ఆవిరి పట్టకూడదు. అప్పుడే మూత వేసి మెల్లగా పెంచుతాను. 350 నుంచి 600 డిగ్రీల మధ్య మట్టి అణువుల్లో కలిసి ఉన్న నీరు కూడా పోతుంది. 573 దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ (పలుగురాయి రేణువులు) ఒక్కసారి ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అదే చోట ముడుచుకుంటుంది. కాబట్టి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అక్కడ తొందరపడకూడదు. బిస్క్‌కి, అంటే మొదటి కాల్పుకి, 950, 1000 మధ్య చాలు.

ఏనుగులు, పందులు, డైనోసార్లు చేయించేటప్పుడు మందం ఎక్కడా మగవాళ్ళ బొటనవేలు మందం దాటకుండా చూడండి. ముద్దగా చేసి, కొంచెం గట్టిపడ్డాక సగానికి కోసి, లోపల స్పూనుతో తవ్వి, మళ్ళీ అతికించొచ్చు. అడుగున పిన్నుతో ఒక కన్నం మర్చిపోవద్దు. ఆ తవ్వే పని పిల్లలకి అన్నిటికంటే ఎక్కువ నచ్చుతుంది.

అసలు ప్రశ్నకి నా జవాబు: వస్తువు కూలకుండా నిలబడే సాయం చేస్తాను, రూపం జోలికి పోను. తొండం ఊడుతుంటే గీతలు గీసి స్లిప్ (నీళ్ళతో పల్చగా కలిపిన మట్టి) రాయడం దగ్గరుండి చేయిస్తాను. తొండం పొట్టిగా ఉందని పొడిగించను.

ఇద్దరి_అమ్మ | సోమవారం, పొద్దున 11:30

తల్లిగా నా మాట కూడా వినండి. పోయినేడు వినాయక చవితికి మా చిన్నవాణ్ణి మట్టి గణపతి వర్క్‌షాప్‌కి తీసుకెళ్ళాను. అచ్చులిచ్చారు. అచ్చులో మట్టి నొక్కడం, తియ్యడం, కళ్ళు పెట్టడం. ముప్పైమంది పిల్లలు, ముప్పై ఒకేలాంటి గణపతులు. ఇంటికొచ్చాక చూస్తే మనదేదో గుర్తు పట్టలేనట్టు ఉంది. వాడు దాన్ని పూజలో పెట్టనిచ్చాడు కానీ ఒక్కసారి కూడా దగ్గరికెళ్ళి చూడలేదు.

ఈ ఏడు ఇంట్లోనే బంకమట్టి తెచ్చి ఇచ్చాను. తొండం మూడుసార్లు ఊడింది. చెవి ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఉండ్రాళ్ళు మాత్రం ఇరవై ఒకటి లెక్కపెట్టి చేశాడు. నిమజ్జనం రోజు బకెట్ దగ్గర కూర్చుని, కరిగేదాకా లేవలేదు. "తొండం ముందు కరిగింది, పల్చగా చేశా కదా" అన్నాడు.

కాబట్టి అమ్మానాన్నలందరూ నున్నటి వస్తువే కావాలనుకుంటారని అనుకోకండి. కానీ మాకు ముందే చెప్పండి. ఈ రోజు మీ పాప ఏం నేర్చుకుంది, రేపు ఏం జరుగుతుంది అని రెండు ముక్కలు చెప్తే మాకూ అర్థమవుతుంది.

ఇంకోటి కూడా. వేరే క్లాసులో చేసింది కాల్చి ఇచ్చిన రోజు మా పెద్దది "ఇది నాది కాదు, నాది ఇంకా పెద్దగా ఉండేది, మార్చేశారు" అని ఏడ్చింది. అడుగున దాని పేరు ఉంది, అయినా నమ్మలేదు. మట్టి కుదించుకుంటుందని మాకెవరూ చెప్పలేదు.

లెక్కల_టీచర్ | సోమవారం, సాయంత్రం 6:20

పైన అమ్మగారు చెప్పిన చోటే నాకు మంచి పాఠం దొరికింది. నేను ప్రభుత్వ బడిలో లెక్కలు చెప్తాను. 2020 జాతీయ విద్యా విధానంలో 6 నుంచి 8 తరగతుల పిల్లలకి పది రోజులు పుస్తకాల సంచి లేకుండా, ఊళ్ళో వడ్రంగి, తోటమాలి, కుమ్మరి వంటి పనివాళ్ళ దగ్గర నేర్చుకునే వీలు పెట్టారు. ఆ పేరు చెప్పి మా ఊరి కుమ్మరి పెద్దాయన్ని బడికి పిలిచాం.

ప్రతి పిల్లా పచ్చి మట్టి పలక మీద స్కేలు పెట్టి సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీసింది. ఎండాక కొలిచారు, నోట్‌బుక్కులో రాశారు. కాల్చాక మళ్ళీ కొలిచారు. తర్వాత తెలిసిన స్టూడియోలో కొన్ని స్టోన్‌వేర్ (రాయిలా బిగిసే మట్టి) పలకలు ఎక్కువ వేడికి కాల్పిస్తే, 10 కాస్తా 8.9 అయింది. పొడవు 11 శాతం తగ్గితే ఘనపరిమాణం ఎంత తగ్గుతుందని అడిగాను. అందరూ 11 అన్నారు. 0.89ని మూడుసార్లు గుణించమన్నాను. 0.70 వచ్చింది. అంటే ముప్పై శాతం పోయింది! ఒక అబ్బాయి లేచి "అందుకే సార్ నా గ్లాసులో టీ తక్కువ పడుతోంది" అన్నాడు. ఘనపరిమాణం గురించి నేను బోర్డు మీద ఎన్నేళ్ళు చెప్పినా ఆ వాక్యం రాలేదు.

మా దగ్గర ఒక దెబ్బ కూడా తగిలింది. కాల్చిన ప్రమిదలు బాగానే వచ్చాయి. నాలుగు రోజుల తర్వాత చూస్తే, వాటి మీద పెచ్చులు ఊడుతున్నాయి. ఊడిన ప్రతి గుంట అడుగున ఒక తెల్లటి చుక్క ఉంది. పిల్లలు తాము సరిగ్గా చెయ్యలేదనుకుని బాధపడ్డారు. ఎందుకలా జరిగిందో ఎవరైనా చెప్పగలరా?

సారె_మనవడు | సోమవారం, రాత్రి 8:40

సార్, అది సున్నపు రాయి. మీ పొలాల మట్టిలో ఉంటుంది. కాలినప్పుడు సున్నమవుతుంది, తర్వాత గాలిలో తేమ తాగి ఉబ్బి పెచ్చు లేపుతుంది. పిల్లల తప్పు ఏమాత్రం లేదు, ఆ మాట వాళ్ళకి తప్పకుండా చెప్పండి.

మట్టిని నీళ్ళలా పల్చగా కలిపి, సన్న జల్లెడ నుంచో పాత నూలుచీరలోంచో వడగట్టండి. అయినా అనుమానం ఉంటే ఆవం (కుండలు కాల్చే బట్టీ) లోంచి తీసి వేడి తగ్గగానే నీళ్ళ తొట్టిలో ముంచి ఉంచండి. ఇటుకల బట్టీల దగ్గర కూడా ఇదే చేస్తారు. ఇంకోటి, నల్లరేగడి ఒక్కటే వాడకండి. తడిసినప్పుడు విపరీతంగా ఉబ్బి ఎండితే అంతే ముడుచుకుంటుంది, ఏ వస్తువైనా నెర్రెలిస్తుంది. చెరువు మట్టిలో ఇసుక కలిపితే పిల్లల చేతికి బాగుంటుంది.

డాలస్_కుండ | సోమవారం, రాత్రి 11:55

నేను ఇక్కడ ఒక కమ్యూనిటీ స్టూడియోలో పెద్దవాళ్ళకి చక్రం నేర్పుతాను. మన తెలుగువాళ్ళు చాలామందే వస్తారు. పెద్దవాళ్ళ గురించి చెప్తాను, ఎందుకంటే వాళ్ళ కష్టం వేరు. పిల్లలకి మట్టి కొత్త, ఓడిపోవడం కొత్త కాదు. పెద్దవాళ్ళకి రెండూ కొత్తే. ఆఫీసులో టీమ్‌ని నడిపే మనిషి అరకిలో మట్టి ముద్ద ముందు చెమటలు పడుతూ కూర్చుంటాడు.

నేను మొదటి రోజు 500, 600 గ్రాములకి మించి ఇవ్వను. ఉంగరాలు తీయించి, గోళ్ళు చూస్తాను. మోచేతులు తొడల మీద బిగించి కూర్చోమంటాను. బలం భుజంలోంచి కాకుండా ఒంటి బరువులోంచి రావాలి. నీళ్ళు ఎక్కువ పోస్తారు, అది ఆపాలి. గిన్నెలో స్పాంజి ముంచి, చేతికి పూసుకుంటే చాలు. సెంటరింగ్ (ముద్ద ఊగకుండా చక్రం నడిమధ్యకి తేవడం) అప్పుడు చక్రం వేగంగా, గోడ పైకి లాగేటప్పుడు నెమ్మదిగా. ఎడమచేతి వాటం వాళ్ళుంటే చక్రాన్ని తిరగేసి తిప్పండి. చాలా కరెంటు చక్రాలకి ఆ స్విచ్ ఉంటుంది, ఎవరూ చెప్పరు.

ఆ తర్వాత మొదటి రోజు చేసిన ప్రతి కుండనీ తీగతో నిలువునా సగానికి కోయిస్తాను. వాళ్ళ చేతులతోనే. కోసిన గోడ చూస్తే అడుగున మందం, మధ్యలో పలచన, అంచు దగ్గర మళ్ళీ మందం, అంతా కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది. మొదట్లో ప్రాణం ఉసూరుమంటుంది. రెండో కుండ కోసేసరికి తల వంచి గోడ చూడ్డం మొదలుపెడతారు, కుండ పోయిన సంగతి మర్చిపోతారు. పిల్లలకి మాత్రం ఇది చెయ్యొద్దు. పదేళ్ళలోపు వాళ్ళకి ఆ కుండ ఒక ప్రాణి.

విద్యార్థి మట్టి నేను ముట్టను. పక్కన నా ముద్ద ఒకటి పెట్టుకుని దాని మీద చూపిస్తాను. ముట్టాల్సి వస్తే అడిగి ముడతాను.

మట్టివాసన_విశాఖ | మంగళవారం, మధ్యాహ్నం 2:10

ఇంతమంది ఇంత శ్రద్ధగా రాస్తారనుకోలేదు, అందరికీ చాలా థాంక్స్. చెంప పరీక్ష ఇప్పుడే చేశాను. షెల్ఫ్ మీద ఎండాయనుకున్నవాటిలో సగం చల్లగా తగిలాయి. ఆదివారం కాల్చాల్సిన లోడ్ ఆపేశాను.

ఇంకో రెండు అడుగుతాను. నిన్న వంటింటి సింకు పూర్తిగా మూసుకుపోయింది. ప్లంబర్ పైపు విప్పితే లోపల తెల్లటి మట్టి గడ్డకట్టి ఉంది. చేతులు కడగడం ఎక్కడ పెట్టాలి? రెండోది, సాయంత్రం బ్యాచ్‌లో ఒకావిడ ఆవకాయ జాడీ చేస్తానంటున్నారు. అమ్మమ్మ గారి జాడీ పగిలిపోయిందట, అలాంటిదే కావాలట. ఆవిడ అంత ఆశగా అడిగితే కాదనలేకపోయాను.

కిల్న్_కాపరి | మంగళవారం, సాయంత్రం 5:30

సింకులో మట్టి చేతులు కడగనే కూడదు. మూడు బకెట్లు వరసగా పెట్టండి. మొదటిదాంట్లో మట్టి వదిలించుకోవాలి, రెండోదాంట్లో కడగాలి, మూడోదాంట్లో తొలవాలి. రాత్రికి మట్టి అడుక్కి చేరుతుంది. పైనీళ్ళు మొక్కలకి, అడుగు మట్టి ప్లాస్టర్ పలక మీద ఆరబెట్టి మళ్ళీ ముద్దకి. ఒక్క గ్రాము వృథా పోదు.

దీనితో పాటే ముఖ్యమైన సంగతి: పొడి చీపురుతో ఊడవకండి. ఎండిన మట్టి దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే అక్కడే ఉండిపోతుంది. ఏళ్ళ తరబడి పీల్చినవాళ్ళకి సిలికోసిస్ వస్తుంది. తడిగుడ్డతో తుడవండి, ఆప్రాన్లు ప్రతి వారం ఉతకండి. గ్లేజు (గాజులాంటి పై పూత) పొడులు కలిపేటప్పుడు పిల్లలు గదిలో ఉండకూడదు, మీరు మాస్క్ లేకుండా కలపకూడదు. పిల్లల చేతికి రంగులిచ్చి వేయించండి, పై గ్లేజులో మీరు ముంచండి. సీసం లేని గ్లేజు అని సరుకు ఇచ్చేవాళ్ళని గట్టిగా అడిగి తీసుకోండి.

జాడీ గురించి నిజం చెప్పాలి. మన తెలుపు, గోధుమరంగు జాడీలు స్టోన్‌వేర్. 1200 డిగ్రీలు దాటి కాలి రాయిలా బిగిసినవి. ఉప్పు, నూనె, పులుపు ఏడాది పాటు లోపల ఉన్నా గోడలోంచి బయటికి కారవు. 1000 డిగ్రీల దగ్గర కాల్చిన టెర్రకోటకి (మామూలు ఎర్రమట్టికి) గ్లేజు వేసినా, సన్నటి వెంట్రుక పగుళ్ళలోంచి నూనె కిందికి దిగుతుంది. మీ కిల్న్ 1240 దాకా వెళ్తుందా? వెళ్తే స్టోన్‌వేర్ మట్టి తెప్పించండి. దక్షిణాదిలో స్టోన్‌వేర్‌కి పాండిచ్చేరికి ఇంత పేరు రావడానికి 1971లో రే మీకర్, డెబోరా స్మిత్ అక్కడ పెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పెద్ద కారణం. అక్కడి చుట్టుపక్కల నుంచి మట్టి తెప్పించుకోవచ్చు. మొదటి జాడీలో ఆవకాయ పెట్టనివ్వకండి. గ్లేజు మీద నిమ్మచెక్క రాత్రంతా ఉంచి, పొద్దున ఆ చోట రంగు మారిందేమో చూడండి. మారితే అది పూలకే.

కరెంటు బిల్లు లెక్క వేసుకునే ఫీజు పెట్టండి. 6 కిలోవాట్ల కిల్న్ 8 గంటలు ఆగకుండా లాగితే 48 యూనిట్లు. ఒక్కో వస్తువు రెండుసార్లు కాలాలి. మొహమాటపడి తక్కువ తీసుకుంటే ఆరు నెలల్లో మూసేస్తారు.

కొత్త_చెయ్యి_58 | మంగళవారం, రాత్రి 9:15

నేను నేర్పేవాణ్ణి కాదు, నేర్చుకుంటున్నవాణ్ణి. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. కుడిచేతి వేళ్ళు కొంచెం వణుకుతాయి. ఇక్కడ చాలామంది చెయ్యి వెయ్యొద్దని రాశారు. నేను ఒప్పుకోను.

మూడు క్లాసులు నాకు సెంటరింగ్ రాలేదు. టీచరమ్మ ఎంతో ఓపికగా చెప్పింది. మోచెయ్యి బిగించండి, ఎడమ అరచేత్తో నెట్టండి, కుడిచేత్తో పైనుంచి నొక్కండి. మాటలన్నీ అర్థమయ్యాయి. మట్టి మాత్రం నా చేతుల్లో ఎగిరెగిరి పడేది. మూడో క్లాసు చివర ఇక మానేద్దామని ఆప్రాన్ విప్పబోతుంటే, ఆవిడ "ఒక్కసారి చెయ్యి వెయ్యనా అంకుల్?" అని అడిగింది. నా చేతుల మీద తన చేతులు పెట్టి నొక్కింది. ఓ పది సెకన్లు ఉంటుందేమో. నా అరచేతుల కింద మట్టి ఒక్కసారిగా నిశ్చలమైపోయింది. చక్రం తిరుగుతూనే ఉంది, మట్టి మాత్రం కదలనట్టే ఉంది. తడి గాజు మీద చెయ్యి పెట్టినట్టు. ఆవిడ చేతులు తీసేసింది. మట్టి మళ్ళీ ఊగింది. కానీ నేను వెతుకుతున్నది ఏమిటో నా చేతులకి తెలిసింది. ఆ తర్వాత రెండు వారాలకి నాకు నేనుగా సెంటరింగ్ చేశాను.

ఆ పది సెకన్లు లేకపోతే నేను ఈ పని వదిలేసేవాణ్ణి. సెంటర్ అయిన మట్టి చేతికి ఎలా తగులుతుందో మాటల్లో చెప్పడం ఎవరి తరమూ కాదు. కాబట్టి చెయ్యి వెయ్యండి, కానీ మట్టి మీద కాదు, మా చేతుల మీద.

సారె_మనవడు | మంగళవారం, రాత్రి 10:50

అంకుల్, మీ మాట చదివి చాలాసేపు కూర్చున్నా. నేను పైన రాసింది పూర్తిగా నిజం కాదు. తాత నా కుండ ముట్టలేదన్నది నిజమే. కానీ ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు, మీ టీచరమ్మ పట్టుకున్నట్టు కాదు. కుండ తనది, చేస్తున్నదీ తనే, నా చేతిని మాత్రం తన చేతి పైన పెట్టించుకునేవాడు. "ఊరికే ఉంచు" అనేవాడు. ఆయన వేళ్ళ కణుపులు ఎప్పుడు బిగుస్తున్నాయో, ఎప్పుడు వదులవుతున్నాయో నా అరచేతికి తెలిసేది. గోడ పైకి లేస్తుంటే ఆయన ఊపిరి ఆగేది. అంచు దగ్గర వదిలేసేవాడు. అప్పుడు నాకు తొమ్మిదో పదో ఏళ్ళు.

ఇది నేను మర్చిపోయానంటే నాకే నమ్మకం కలగడం లేదు.

డాలస్_కుండ | బుధవారం, పొద్దున 6:30

పిల్లలతో నేనూ ఇలాగే చేసి చూస్తాను. మా స్టూడియో పిల్లల క్లాసుల్లో ఎప్పుడూ పెద్ద చెయ్యి పైన, పిల్ల చెయ్యి కింద ఉంటుంది. తిరగేస్తే ఎలా ఉంటుందో ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇద్దరి_అమ్మ | బుధవారం, మధ్యాహ్నం 12:45

సారె_మనవడు గారూ, మా ఇంట్లో తలుపు దగ్గర గల్లా గురిగి ఒకటుంది, మా అత్తగారి ఊరి నుంచి తెచ్చింది. ఇవాళ పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి మీ తాతగారి సంగతి చదివి వినిపించాను. దాన్ని పగలగొట్టి డబ్బులు తీద్దామని రోజూ అడిగే చిన్నవాడు ఇవాళ అడగలేదు.

మట్టివాసన_విశాఖ | మూడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 8:30

చెప్పాల్సినవి చాలా ఉన్నాయి.

పిల్లల క్లాసు ఇప్పుడు గ్లాసులతో మొదలుపెడుతున్నాను. మూడు గాజు గ్లాసుల్లో నీళ్ళు. ఒకదాంట్లో పూర్తిగా ఎండిన పచ్చి ముక్క, ఒకదాంట్లో గోరు గుచ్చితే గుర్తు పడేంత మెత్తగా ఉన్న ముక్క, మూడోదాంట్లో కాల్చిన ముక్క. ఎండిన ముక్క వెయ్యగానే బుడగలు బుసబుసా లేచి, నిమిషాల్లో విరిగి అడుగున పిండిలా కూర్చుంటుంది. మెత్తటిది చాలాసేపు అలాగే ఉంటుంది. అన్నిటికంటే ఎండింది ముందు కరగడం పిల్లలకి వింతగా ఉంటుంది. కాల్చినది వారం తర్వాత కూడా అలాగే ఉంది. "ఇది ఇక మట్టి అవ్వదా ఆంటీ, ఎప్పటికీ?" అని ఒకడు అడిగాడు. అవ్వదన్నాను. కాసేపు మౌనంగా చూశాడు. తను చేసిన పాము కాల్చొద్దని, పచ్చిదే ఉంచమని చెప్పి వెళ్ళాడు.

పిడత చేసేటప్పుడు అందరినీ కళ్ళు మూసుకోమంటున్నాను. నిమ్మకాయంత ముద్ద అరచేతిలో, బొటనవేలు మధ్యలో. ఎక్కడ మందంగా ఉందో, ఎక్కడ పల్చగా ఉందో వేళ్ళతో వెతుక్కోమంటాను. నేను చెప్పాల్సిన పని సగం తగ్గింది. లెక్కల మాస్టారి పది సెంటీమీటర్ల గీత ప్రతి పలక మీదా ఉంది. తల్లిదండ్రులకి ఆ గీత చూపించి చెప్తే ఇప్పటిదాకా ఎవరూ "మార్చేశారు" అనలేదు.

చక్రం దగ్గర మాత్రం సారె_మనవడి తాతగారి పద్ధతి. నా చెయ్యి కింద, పిల్ల చెయ్యి పైన. కుండ నాదే అని ముందే చెప్తాను. తర్వాత నేను లేచి వాళ్ళని కూర్చోబెడతాను, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాను. చేతులు వెనక్కి కట్టుకోకపోతే వాటంతట అవే ముందుకి వెళ్ళిపోతున్నాయి.

"ఇది మీది కదా" అన్న పాప మళ్ళీ వచ్చింది. మొదటి వారం రెండోసారి చేసిన పిడత బిస్క్ అయి వచ్చింది. అంచు ఒకవైపు వాలింది, లోపల చిన్న బొటనవేలి గుంటలు వరసగా పడి ఉన్నాయి. కాలాక అవి ఇంకా స్పష్టంగా కనిపిస్తున్నాయి. పాప తన వేలు ఒక్కో గుంటలో పెట్టి చూసుకుంది. "వేలు పెద్దదైపోయింది" అంది. అందులో చింతగింజలు పోసుకుంది. అష్టా చెమ్మాకట.

జాడీ ఆవిడకి స్టోన్‌వేర్ మట్టి వచ్చింది. రెండు జాడీలు ఆవిడే తీగతో కోసి చూసుకున్నారు. మూడోది షెల్ఫ్ మీద ఉంది, మూత ఇంకా కుదరలేదు.

ఇప్పుడొక టెన్షన్. ఇక్కడ నాలుగు రోజుల నుంచి ముసురు. పిల్లల బొమ్మలు పదిహేడు షెల్ఫ్ మీదున్నాయి, వచ్చే ఆదివారం ఇస్తానని మాటిచ్చాను. ఫ్యాన్ పెట్టొచ్చా?

కిల్న్_కాపరి | ఆదివారం, రాత్రి 9:05

ఫ్యాన్ సూటిగా పెట్టకండి, ఒకవైపే ఎండి పగులుతాయి. పైన వదులుగా న్యూస్‌పేపర్ కప్పి, రోజుకొకసారి తిప్పండి. తొండాలు, చెవులు, చేతుల మీద చిన్న ప్లాస్టిక్ ముక్క చుట్టండి, అవి ముందు ఎండిపోతాయి. శనివారం రాత్రి చెంపకు ఆనించి చూడండి. ఒక్కటి చల్లగా తగిలినా అమ్మానాన్నలకి ఫోన్ చేసి ఇంకో వారం అడగండి.

సారె_మనవడు | ఆదివారం, రాత్రి 9:20

అక్కా, ఆ పచ్చి పాముని మాత్రం తడి తగలని చోట పెట్టు. వాడు వచ్చి అడుగుతాడు.